సాంటొరిని నుంచి ఏథెన్స్‌కు ఓడలో వచ్చి అదే రోజు విమానం ఎక్కవచ్చునా?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. ఆగస్టు మొదటి పక్షంలో మేము గ్రీస్ వెళ్తున్నాము. మేమంటే నేను, మా వారు, తొమ్మిదేళ్ల మా అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు. వీసాలు వచ్చాయి, విమానం టికెట్లు కొన్నాము. ద్వీపాల మధ్య తిరిగే ఓడల టికెట్లు మాత్రం ఇంకా కొనలేదు. వాటి దగ్గరకు వచ్చేసరికి నాకు ధైర్యం చాలడం లేదు కాబట్టి, అటువైపు వెళ్లివచ్చిన మన ఊరివాళ్లెవరైనా ఉంటే దారి చూపుతారని రాస్తున్నాను.

మేము అనుకున్నది ఇది. మొదట ఏథెన్స్‌లో మూడు రాత్రులు, తరువాత నాక్సోస్ ద్వీపంలో మూడు, చివరగా సాంటొరిని ద్వీపంలో మూడు. పదవ రోజు ఉదయం ఏడు గంటల ప్రాంతంలో సాంటొరిని నుంచి వేగంగా వెళ్లే ఫెర్రీ ఎక్కితే, అయిదు గంటల్లో, అంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో దిగుతాము. మా విమానం సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు. గల్ఫ్ మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి విడిగా కొన్న టికెట్లతో విశాఖపట్నం. పన్నెండుకు దిగితే అయిదున్నర గంటల వ్యవధి ఉంటుంది కదా, సరిపోతుందని మా వారంటున్నారు. లెక్క ప్రకారం సరిపోతుందని నేనూ ఒప్పుకుంటాను గాని, మనసు ఎందుకో ఒప్పుకోవడం లేదు.

మా అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. ఆవిడ ఇంతవరకు సముద్రం మీద ప్రయాణం చేయలేదు, రుషికొండలో బోటు ఎక్కమన్నా వద్దన్న మనిషి. ఓడలో ఊపు ఎక్కువగా ఉంటుందా? పెద్దవయసువారు ఎక్కడం దిగడం కష్టమా? పెద్ద ఓడకు ఎనిమిది గంటలు పడుతుందని, వేగపు ఫెర్రీకి అయిదు గంటలేనని చూసి వేగపుదే మేలనుకున్నాము. అది సరైన ఆలోచనేనా? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (సీతమ్మధార)

మీ చివరి రోజు లెక్క చదవగానే నా గుండె గుభేలుమంది, ఎందుకంటే గత ఏడాది ఆగస్టులో మేము సరిగ్గా ఇదే లెక్క వేసుకున్నాము. మీ మనసు ఒప్పుకోవడం లేదన్నారు, దాని మాటే వినండి.

మాది నాక్సోస్ నుంచి తిరుగు ప్రయాణం. ఉదయం పదకొండు గంటలకు వేగపు ఫెర్రీ, రాత్రి తొమ్మిదికి ఏథెన్స్‌లో విమానం. మీకంటే మాకు చాలా ఎక్కువ వ్యవధి ఉందన్నమాట. ముందు రోజు సాయంత్రం నుంచే గాలి మొదలైంది. అయితే ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. మనకు తుపాను అంటే మూడు రోజుల ముందు నుంచే ఆకాశం నల్లబడటం, వాన జల్లులు పడటం అలవాటు కాబట్టి, ఇంత ఎండ కాస్తుండగా ఓడలు ఆగిపోతాయన్న ఊహే మాకు రాలేదు. ఉదయం పదింటికి పెట్టెలు ఈడ్చుకుంటూ రేవుకు వెళ్లేసరికి అక్కడ వరుసలో ఒక్క మనిషి లేడు. రేవు పక్కన హోటళ్లవాళ్లు కుర్చీలను బల్లలకు తాళ్లతో కట్టేసి ఉంచారు. సముద్రం ముదురు నీలంగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లటి నురుగుతో కనిపించింది. అప్పుడు మా చిన్నమ్మాయి టికెట్ల కొట్టు తలుపుకు అంటించిన కాగితం చూసి, ‘నాన్నా, ఇవాళ లేదట’ అని చదివి చెప్పింది.

రద్దయిన సంగతి ఫెర్రీ సంస్థ ముందు రోజు రాత్రే సందేశం పంపించింది. కాని ఆ సందేశం మాకు రాలేదు, టికెట్లు కొనిపెట్టిన మన ఊరి ట్రావెల్ ఏజెంటు ఫోనుకు వెళ్లింది. అప్పటికి విశాఖలో అర్ధరాత్రి దాటింది, ఆయన మర్నాడు మధ్యాహ్నానికి గాని చూసుకోలేదు. కాబట్టి మీరు టికెట్లు ఎవరి ద్వారా కొన్నా సరే, ఫోన్ నంబరు, ఈమెయిలు మాత్రం మీవే ఇవ్వండి. ఆ నంబరు గ్రీస్‌లో పనిచేసేలా రోమింగ్ పెట్టించుకోండి.

మా వేగపు ఫెర్రీ ఆగిపోయిన రోజున కూడా పెద్ద ఓడ ఒకటి వచ్చి వెళ్లింది. కాని అందులో చోటు లేదు. ఆగస్టు 15 గ్రీకులకు మరియమాత పండుగ. దేశమంతా స్వగ్రామాలకు, ద్వీపాలకు కదులుతుంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి మన ఊరికి వచ్చే రైళ్లను తలచుకోండి, ఆ వారంలో ఓడలూ అంతే. రెండో రోజు గాలి మరింత పెరిగి పెద్ద ఓడలు కూడా రేవుల్లోనే ఉండిపోయాయి. మూడో రోజు సాయంత్రానికి గాని మేము కదలలేదు. అప్పటికి విమానం వెళ్లిపోయి రెండు రోజులైంది. నలుగురికి కొత్త టికెట్లకు రెండున్నర లక్షల రూపాయల పైచిలుకు అయ్యింది.

ఇంత ఇబ్బందిలోనూ మాకు ఒక్క మేలు జరిగింది. మా గదిలోకి ఆ రోజు దిగవలసినవారు కూడా ఏథెన్స్‌లోనే చిక్కుకుపోవడంతో గది ఖాళీగా ఉండి, ఇంటావిడ మమ్మల్ని ఉండనిచ్చింది. ‘ఎప్పటికి తగ్గుతుందమ్మా’ అని అడిగితే ఆ పెద్దావిడ సముద్రం వైపు చూడలేదు, పెరట్లోని అంజూరపు చెట్టు కొమ్మల వైపు కాసేపు చూసి రెండు వేళ్లు చూపించింది. ఆవిడ చెప్పినట్లే అయ్యింది.

అందువల్ల నా సలహా ఒక్కటే. ఏథెన్స్‌ను మొదట పెట్టుకోకండి, చివర పెట్టుకోండి. విమానం దిగిన రోజు పిరేయస్‌లోనో ఏథెన్స్‌లోనో పడుకుని, మర్నాడు ఉదయమే ద్వీపాలకు వెళ్లిపోండి. ముందు దూరంగా ఉన్న సాంటొరిని, తరువాత తిరుగుదారిలో దగ్గరగా ఉన్న నాక్సోస్, ఆ పైన ఏథెన్స్. అప్పుడు ఓడ ఒక రోజు ఆగినా మీకు పోయేది ఏథెన్స్‌లో ఒక రోజు మాత్రమే, విమానం కాదు. ఏథెన్స్ కొండ మీది ప్రాచీన కట్టడాలు, అదే అక్రోపోలిస్, ఒక పూటలో చూడవచ్చు. తప్పిన విమానాన్ని పట్టుకోలేము.

జవాబు (మల్కాపురం, వాణిజ్య నౌకల విశ్రాంత ఇంజినీరు)

పైన సీతమ్మధారవారు చెప్పినది అక్షరాలా నిజం. అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మీరు ఓడను ఎంచుకోవడం సులభమవుతుందని నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా ఓడల్లో పనిచేశాను, పిరేయస్‌కు చాలాసార్లు వెళ్లాను.

గ్రీస్‌కు, తుర్కియే (టర్కీ)కి మధ్యనున్న ఏజియన్ సముద్రంలో వేసవి గాలిని మెల్టెమి అంటారు. ఉత్తరం నుంచి వీస్తుంది, జూలై, ఆగస్టు నెలల్లో బలంగా ఉంటుంది. ప్రాచీన గ్రీకులు దీనిని ఎటేసియన్ గాలులన్నారు. వారి భాషలో ‘ఎటోస్’ అంటే సంవత్సరం, ఏటా వచ్చే గాలి అని అర్థం. మన ‘ఏటా’కు ఆ మాట వినడానికి దగ్గరగా ఉండటం కేవలం కాకతాళీయం, కాని నాకు అది ఎప్పుడూ గుర్తుండిపోతుంది. బాల్కన్ ప్రాంతం మీద అధిక పీడనం, తుర్కియే మీద అల్పపీడనం ఏర్పడి, ఆ రెండింటి మధ్య గాలి ఏజియన్ మీదుగా దక్షిణానికి దూసుకువస్తుంది. తుర్కియే మీది ఆ అల్పపీడనం మన నైరుతి రుతుపవనాల అల్పపీడన ద్రోణికి పశ్చిమాన ఉన్న కొన వంటిది. అంటే ఇక్కడ మనకు వానలు కురిపించే ఏర్పాటే అక్కడ పొడి ఆకాశం కింద ఓడలను ఆపుతుందన్నమాట. ఇది తుపాను కాదు కాబట్టి మబ్బు ఉండదు, వాన ఉండదు. ఒక్కోసారి ఒక రోజులో తగ్గుతుంది, ఒక్కోసారి నాలుగైదు రోజులు విడవకుండా వీస్తుంది.

గాలిని అక్కడ బోఫోర్ట్ కొలతలో చెబుతారు. మన రేవులో ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద సూచికలు ఎగరేశారని పత్రికల్లో చదువుతాము కదా, అక్కడివారికి బోఫోర్ట్ అంకె అలాంటిది. కిళ్లీకొట్టు దగ్గర నిలబడిన మనిషి కూడా ‘రేపు ఏడు’, ‘రేపు ఎనిమిది’ అని చెబుతాడు. 6 అంటే 22 నుంచి 27 నాట్లు (ఒక నాటు అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు), 7 అంటే 28 నుంచి 33, 8 అంటే 34 నుంచి 40 నాట్లు. ఎనిమిదిని మన లెక్కలో చెప్పుకుంటే గంటకు 62 నుంచి 74 కిలోమీటర్లు. మామూలు పెద్ద ఓడలను సాధారణంగా ఎనిమిది దగ్గర ఆపుతారు. వేగపు ఫెర్రీలు అంతకంటే ముందే, ఆరు ఏడు మధ్యనే ఆగిపోవచ్చు. ఈ నిషేధం విధించేది ఓడ సంస్థ కాదు, కెప్టెన్ కాదు, తీరరక్షక దళం కింద పనిచేసే రేవు అధికారులు. కెప్టెన్‌ను బతిమాలి ప్రయోజనం ఉండదు.

ఈ కట్టడిని చూసి విసుక్కోవద్దని మాత్రం కోరుతున్నాను. 2000 సెప్టెంబరు 26 రాత్రి ‘ఎక్స్‌ప్రెస్ సమీనా’ అనే ఫెర్రీ పారోస్ ద్వీపం ముంగిట, బలమైన గాలిలో, దీపం వెలుగుతున్న రాతి దిబ్బలకు తగిలి మునిగిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు. మీరు నాక్సోస్ నుంచి పిరేయస్‌కు వచ్చే ఓడ సాధారణంగా ఆ పారోస్ రేవులో ఆగే వస్తుంది. ఓడలో పనిచేసినవాడిగా నాకు ఆగిన ఓడను చూస్తే కోపం రాదు.

ఇక మీరు అడిగిన పెద్ద ఓడ, వేగపు ఓడ సంగతి. సాంటొరిని దారిలో తిరిగే ‘బ్లూ స్టార్ డెలోస్’ వంటి ఓడను తీసుకోండి. 2011లో కొరియాలో కట్టినది, దాదాపు 146 మీటర్ల పొడవు, రెండు వేల మందికి పైగా ప్రయాణికులు పడతారు. అంత బరువైన ఉక్కు ఓడకు నీటిలో నిలకడ ఉంటుంది. పైగా బయట తిరిగేందుకు విశాలమైన డెక్కులుంటాయి. వేగపు ఫెర్రీల్లో చాలావరకు జంట పొట్టల అల్యూమినియం పడవలు. తేలికగా ఉండి నీటిని వెనక్కి చిమ్ముతూ దూసుకుపోతాయి. సముద్రం నిద్రపోతున్నప్పుడు అంత హాయి మరొకటి లేదు, కాని అల లేచిందంటే లోపల కూర్చున్నవారికి ఎత్తి కుదేసినట్లుంటుంది. చాలావాటిలో ప్రయాణమంతా అద్దాల లోపల కుర్చీలోనే, బయటి గాలి పీల్చడానికి వీలుండదు. మీ అత్తగారు మొదటిసారి సముద్రం మీదికి వస్తున్నారు కాబట్టి ఆవిడను పెద్ద ఓడలోనే తీసుకువెళ్లండి. మూడు గంటలు ఎక్కువ పడితే పట్టనివ్వండి. ఛార్జీ కూడా దానిలోనే తక్కువ.

ఎక్కే విధానం ముందే తెలుసుకుంటే ఆవిడకు కంగారు ఉండదు. మన రేవులో పోటుకు పాటుకు మధ్య నీటిమట్టం మీటరుకు పైగా మారుతుంది. మధ్యధరా సముద్రంలో ఆ తేడా చాలా స్వల్పం. అందుకే అక్కడి ఓడ లంగరు ముందువైపు వదిలి, వెనక్కి నడుచుకుంటూ వచ్చి, వెనుక తలుపును గట్టు మీదికి వంతెనలా దించుతుంది. లారీలు, కార్లు, మనుషులు అందరూ ఆ ఒక్క ద్వారం నుంచే వెళ్తారు. మధ్య రేవుల్లో ఓడ ఎక్కువసేపు ఆగదు. కాబట్టి దిగవలసినవారు ఓడ రేవు చేరకముందే కింద వాహనాల అంతస్తుకు వచ్చి నిలబడాలి. అక్కడ ఇంజన్ల మోత, డీజిల్ వాసన, లారీల గొలుసుల చప్పుడు, తలుపు తెరుచుకుంటుంటే ఒక్కసారిగా కళ్లలో పడే ఎండ, అన్నీ కలిసి అలవాటు లేనివారిని బెదరగొడతాయి. ఆవిడ చేయి పట్టుకుని గోడ పక్కన నిలబెట్టుకోండి, పెట్టెల సంగతి మీ వారు చూసుకుంటారు. పెట్టెలు పెట్టే అరలు ఆ అంతస్తులోనే ఉంటాయి, వాటి మీద రేవుల పేర్లు రాసి ఉంటాయి. నాక్సోస్ అరలో పెట్టవలసిన పెట్టె పిరేయస్ అరలో పెడితే వెతుక్కోవడానికి సమయం చాలదు. మరొక్క విషయం, సాంటొరినిని ఓడ టికెట్ల మీద, రేవు బోర్డుల మీద ‘థీరా’ అని కూడా రాస్తారు. అది వేరే ఊరనుకుని కంగారు పడకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎంతగానో కృతజ్ఞతలు. మీ జవాబులు నిన్న రాత్రి భోజనాల దగ్గర పైకి చదివి వినిపించాను. మా వారు మారు మాట్లాడకుండా ఏథెన్స్‌ను చివరకు మార్చారు. పిరేయస్‌లో ఒక రాత్రి, సాంటొరినిలో మూడు, నాక్సోస్‌లో మూడు, ఏథెన్స్‌లో రెండు. మొత్తం రాత్రులు మారలేదు, వరుస మాత్రమే మారింది. అన్నీ పెద్ద ఓడలే తీసుకుంటున్నాము.

రెండు సందేహాలు మిగిలాయి. మా అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా లేదు, రెండు పొడి అక్షరాలే ఉన్నాయి. ఓడ టికెట్ల ఫారంలో మాత్రం ఇంటిపేరు తప్పనిసరిగా అడుగుతున్నారు. ఏమి రాయాలి? రెండవది, ఓడ రద్దయితే డబ్బు ఎవరు ఇస్తారు?

జవాబు (ద్వారకానగర్, బీమా రంగ ఉద్యోగి)

ఇంటిపేరు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే మన తెలుగువాళ్లకు విదేశాల్లో ప్రతి ఫారం దగ్గరా ఇదే చిక్కు. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’ అన్న గడిలో ఏముందో అదే, అక్షరం పొల్లు పోకుండా రాయండి. అక్కడ రెండు పొడి అక్షరాలుంటే ఆ రెండు అక్షరాలే. పెళ్లి తరువాతి ఇంటిపేరు, వాడుకలో పిలిచే పేరు రాయవద్దు. ఐరోపాలో ఇరవై నాటికల్ మైళ్లకు (దాదాపు 37 కిలోమీటర్లకు) మించిన ఓడ ప్రయాణాలకు ప్రయాణికులందరి పేర్లు నమోదు చేయాలన్న నియమం ఉంది. ప్రమాదం జరిగితే ఎవరెవరు ఓడలో ఉన్నారో తెలియడం కోసం పెట్టిన జాబితా అది. అందువల్ల అది రైలు టికెట్ మీద పేరులా చూసీచూడనట్లు వదిలేసేది కాదు. మీ అబ్బాయికి తొమ్మిదేళ్లన్నారు, సాధారణంగా అయిదు నుంచి పదేళ్ల లోపు పిల్లలకు సగం ఛార్జీ ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు ఛార్జీ లేకపోయినా టికెట్ మాత్రం తీసుకోవలసిందే.

రద్దు విషయంలో ఐరోపా సమాఖ్యకు 2010 నాటి 1177వ నిబంధన ఉంది. ఓడ బయలుదేరడం రద్దయినా, 90 నిమిషాలకు మించి ఆలస్యమైనా, మరో ఓడలో చేర్చమని గాని, టికెట్ డబ్బు తిరిగి ఇమ్మని గాని అడిగే హక్కు మీదే. డబ్బు ఏడు రోజుల్లో ఇవ్వాలి. మీరు భారతీయులైనా సరే, ఎక్కే రేవు ఐరోపా సమాఖ్యలో ఉంటే చాలు. ఓడ ఆలస్యంగా గమ్యం చేరినందుకు పరిహారం కూడా ఉంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల ప్రయాణంలో రెండు గంటల ఆలస్యానికి టికెట్‌లో 25 శాతం, నాలుగు గంటలు దాటితే 50 శాతం. అయితే కారణం వాతావరణమైతే ఈ పరిహారం రాదు, హోటలు ఖర్చు కూడా ఓడ సంస్థ భరించనక్కరలేదు. మెల్టెమికి ఆగిన ఓడ వల్ల మీకు తిరిగి వచ్చేది టికెట్ డబ్బు మాత్రమే. మీ విమానం తప్పిపోవడం ఓడ సంస్థకు సంబంధించిన విషయమే కాదు.

అక్కడే ప్రయాణ బీమా అక్కరకు వస్తుంది. చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు మీరు తీసుకున్న పాలసీ 30,000 యూరోల వైద్య ఖర్చు కోసం. దానిలో ప్రయాణ ఆలస్యం, విమానం తప్పిపోవడం కూడా ఉన్నాయేమో పత్రం తీసి చదవండి. చాలామంది వీసా కోసమని అన్నిటికంటే చవక పాలసీ తీసుకుంటారు, అందులో ఇవి ఉండవు. ఒకవేళ ఓడ ఆగిపోతే, ఆ రోజే రేవులోని టికెట్ల కార్యాలయంలో ‘వాతావరణం వల్ల రద్దు’ అని రాసిన కాగితం అడిగి తీసుకోండి. ఊరికి వచ్చాక దానిని తెప్పించుకోవడం బ్రహ్మప్రళయం. సీతమ్మధారవారి వంటి నష్టాలు నా బల్ల మీదికి వచ్చినప్పుడు, ఆ ఒక్క కాగితం లేక ఆగిపోయిన దరఖాస్తులను చూసి బాధపడ్డాను.

వీసా మీద ఉండే రోజుల సంఖ్య కూడా చూసుకోండి. మీ ప్రయాణానికి సరిగ్గా సరిపోయినన్ని రోజులే ఇచ్చి ఉంటే, ద్వీపంలో ఇరుక్కున్న ప్రతి రోజూ అందులోనే లెక్క.

జవాబు (మహారాణిపేట, వైద్యురాలు)

అత్తగారి ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర పెద్దగా పనిచేయదు, ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. కాని మందుల షాపులో అడిగి తీసుకున్న మాత్రను నేరుగా ఓడలో మొదటిసారి వేయకండి. ఈ మాత్రలు నిద్రమత్తు కలిగిస్తాయి, పెద్దవారిలో నోరు ఎండిపోవడం, తూలడం ఉంటుంది. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారికి కొన్ని మాత్రలు మంచివి కావు. ఆవిడ రోజూ వాడే మందుల చీటీ తీసుకుని మీ వైద్యుని దగ్గరకు వెళ్లి, ఏది వాడాలో అడిగి, ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి వేసి చూడండి.

ఓడ మధ్య భాగంలో, వీలైనంత కింది అంతస్తులో ఊపు తక్కువగా తెలుస్తుంది. ముందు కొసన అద్దాల దగ్గర దృశ్యం బాగుంటుందని కూర్చోబెట్టకండి. కళ్లు తిరుగుతున్నట్లుంటే పుస్తకం, ఫోను పక్కన పెట్టి, దూరాన సముద్రం ఆకాశం కలిసే గీత వైపు చూడాలి. ఖాళీ కడుపుతోనూ ఎక్కకూడదు, నూనె పదార్థాలు తినీ ఎక్కకూడదు. రెండు ఇడ్లీల పాటి తేలికైన తిండి, చేతిలో అల్లం మురబ్బా ముక్క ఉంటే చాలు.

మోకాళ్ల నొప్పులకు సిగ్గుపడి సహాయం అడగకుండా ఉండవద్దు. నడవడం కష్టమైనవారికి రేవులోను, ఓడలోను ఉచితంగా తోడ్పడాలని, బీమా ఉద్యోగి గారు చెప్పిన ఆ నిబంధనలోనే ఉంది. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు తెలియజేసి, గంట ముందుగా రేవులో ఉండాలి. పెద్ద ఓడల్లో చాలావాటికి లిఫ్టో ఎస్కలేటరో ఉంటుంది, వాహనాల అంతస్తు నుంచి మెట్లు ఎక్కించకండి. నేను మా అమ్మగారిని అలా తీసుకువెళ్లాను. ఒక యువకుడు చక్రాల కుర్చీతో వచ్చి, లారీలను ఆపించి, ఆవిడను ముందుగా లోపలికి చేర్చాడు. ఆ రోజు అమ్మ ముఖంలో చూసిన నిశ్చింత నాకిప్పటికీ కళ్లకు కట్టినట్లుంది.

జవాబు (సీతమ్మధార)

పిరేయస్ గురించి రాయడం మరిచిపోయాను. ఆ రేవు చాలా పెద్దది, ద్వారాలకు ‘ఈ’ అక్షరంతో అంకెలుంటాయి. సాంటొరిని, నాక్సోస్‌ల పెద్ద ఓడలు సాధారణంగా ఈ-6, ఈ-7 ద్వారాల దగ్గర ఉంటాయి, ఈ-7 మెట్రో స్టేషనుకు ఎదురుగానే ఉంటుంది. క్రీట్, రోడ్స్ ఓడల ద్వారాలు అక్కడికి చాలా దూరం. మన స్టేషన్‌లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఎక్కవలసినవారు జ్ఞానాపురం వైపు దిగితే ఎంత తిప్పలో, అక్కడ అంతకు పదింతలు. టికెట్ మీద ద్వారం అంకె లేకపోతే ముందు రోజు ఓడ సంస్థను అడిగి తెలుసుకోండి. మీరు ముందు రాత్రి పిరేయస్‌లోనే పడుకుంటున్నారు కాబట్టి సాయంత్రం ఒకసారి నడిచి వెళ్లి ద్వారం చూసి రావడం ఇంకా మంచిది.

సాంటొరినిలో ఓడరేవు పేరు అథినియోస్. కొండ కొమ్మున ఉన్న ఫిరా పట్టణం నుంచి కిందికి మెలికలు తిరిగిన ఇరుకు ఘాట్ రోడ్డు. ఓడ వచ్చే వేళకు దిగే బస్సులు, ఎక్కే బస్సులు, కార్లు ఒకదానికొకటి అడ్డం పడి కదలవు. మామూలుగా అరగంట పట్టే దారికి గంటన్నర కేటాయించుకోండి. మీ బస ఓయా గ్రామంలో అయితే బస్సు ఫిరాలో మారాలి, అది కూడా లెక్కలో వేసుకోండి.

చివరి రోజు ఏథెన్స్ నుంచి విమానాశ్రయానికి భయం లేదు. మెట్రో మూడో లైను ఊరి నడిబొడ్డు నుంచి నేరుగా వెళ్తుంది. 2022 నుంచి అదే లైను పిరేయస్ దాకా కూడా ఉంది. రాత్రివేళ పిరేయస్‌లో దిగినా ఎక్స్-96 బస్సు తెల్లవార్లూ విమానాశ్రయానికి తిరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

మూడు ఓడలకూ టికెట్లు ఈ ఉదయమే తీసుకున్నాము. పిరేయస్ నుంచి సాంటొరినికి నంబరు వేసిన కుర్చీలు, నాక్సోస్ నుంచి పిరేయస్‌కు కూడా అవే. సాంటొరిని నుంచి నాక్సోస్ రెండు గంటల దారే కాబట్టి మామూలు టికెట్లు. ఫోన్ నంబరు నాదే ఇచ్చాను. అత్తగారి పేరు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కొక్క అక్షరం సరిచూసి రాశాను. చక్రాల కుర్చీ కోసం సంస్థకు ఉత్తరం పంపితే, బయలుదేరే ముందు మళ్లీ ఒకసారి గుర్తుచేయమని జవాబిచ్చారు.

బీమా పత్రం తీసి చదివితే అందులో వైద్యం తప్ప మరేమీ లేదు. ప్రయాణ ఆలస్యం కూడా చేర్చిన పాలసీ తీసుకోవడానికి మా వారు రేపు వెళ్తున్నారు.

అత్తగారు మీ జవాబులన్నీ నా చేత రెండోసారి చదివించుకున్నారు. చక్రాల కుర్చీ వద్దని మొదట గట్టిగా అన్న ఆవిడ, వైద్యురాలు గారు వాళ్ల అమ్మగారి గురించి రాసినది విన్నాక ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆవిడకు మిగిలిన సందేహం ఒక్కటే, ఎనిమిది గంటల ఓడలో ఉల్లి, వెల్లుల్లి లేని తిండి దొరుకుతుందా అని. ఇంటి నుంచి తెచ్చుకున్నది ఓడలో కూర్చుని తినడానికి అభ్యంతరం లేదని సంస్థవారిని అడిగి తెలుసుకున్నాను. కాబట్టి పిరేయస్ బసలో వంటగది ఉన్న గది తీసుకుని, ఆ ఉదయం నాలుగు గంటలకు లేచి పులిహోర కలుపుకుందామని నిర్ణయించుకున్నాము.